యాడన్నా నిలబెట్టి దానం జేస్తారా?



మొన్నామధ్య ఆళ్లగడ్డలో నంద్యాల బస్సెక్కాను. పల్లెవెలుగు బండి. 2025 ఆగస్టు 15 నుంచి ఈ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్టు డబ్బులు లేవు కదా, పైగా పెళ్లిళ్ల రోజులు, బండి కిటకిటలాడుతోంది. డెబ్బై దాటిన ఒక అవ్వ కడ్డీ పట్టుకొని నిలబడి ఉంది. కండక్టరు మిషన్ నొక్కి, సున్నా టికెట్టు చించి ఆమె చేతిలో పెట్టాడు. అవ్వ ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ముందుకు పోబోతున్న అతన్ని ఆపి అడిగింది:

"పుణ్యానికి తీసకపోతాండారు, శానా సంతోసం. మరి కుచ్చోబెట్టల్ల గదప్పా? యాడన్నా నిలబెట్టి దానం జేస్తారా?"

బస్సంతా నవ్వింది. కండక్టరూ నవ్వాడు. ముందు సీట్లో కాలేజీ పిల్లవాడు సిగ్గుపడి లేచాడు. అవ్వ కూర్చొని, కొంగుతో మొహం తుడుచుకొని, తనేమీ అననట్టు కిటికీలోంచి శనగచేల వైపు చూస్తూ ఉండిపోయింది.

నేను సిరివెళ్ల వచ్చేదాకా ఆ మాటనే నములుతూ ఉన్నాను. దానం ఎట్లా చేయాలో ఆమెకు తెలుసు. పీట వేసి, విస్తరి పరిచి, మనిషిని కూర్చోబెట్టి వడ్డించిన చెయ్యి ఆమెది. ఇప్పుడు పుచ్చుకునే వైపుకు వచ్చింది. వచ్చినా పద్ధతి తప్పితే ఊరుకోదు. ఒకప్పుడు కలిగిన ఇల్లు. కరువో, కోర్టు వ్యాజ్యమో, కొడుకుల పంపకాలో ఆ కలిమిని తినేసి ఉంటాయి. ఇదంతా నేను అల్లుకున్నదే. ఆమె పేరు నాకు తెలియదు, ఊరు తెలియదు. నంద్యాలలో దిగేటప్పుడు అడగవచ్చు, కానీ అడగలేదు. అడిగి ఉంటే ఆమె నిజం చెప్పేది, నా కథ పోయేది.

కథలు రాసేవాడు ఎక్కడికి పోయినా ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. "సార్, ఈ పాత్రలు మీకు ఎక్కడ దొరుకుతాయి? ఆ మాటలు మీరే పుట్టిస్తారా?" ఇన్నేళ్లుగా దీనికి పొంతన లేని జవాబులే చెబుతూ వచ్చాను. ఈ పొద్దు కొంచెం నిదానంగా చెప్పడానికి ప్రయత్నిస్తాను. ముందే ఒక మాట ఒప్పుకోవాలి. మైకు ముందు కూర్చోగానే నా భాష చొక్కా టక్ చేసుకుంటుంది. ఇంట్లో నేను ఇట్లా మాట్లాడను. మా ఇంట్లోవాళ్లు ఇది వింటుంటే ఇప్పటికే నవ్వుతుంటారు.

నా జేబులో చిన్న నోటుపుస్తకం ఒకటి ఉంటుంది. మొదట్లో అందులో మనుషుల రూపురేఖలు రాసుకునేవాణ్ణి. కోలమొహం, చామనఛాయ, ఎడమ కనుబొమ మీద మచ్చ, ఇట్లాంటివి. పదేళ్ల తర్వాత ఆ పేజీలు తిప్పితే ఒక్క మనిషీ లేచి రాలేదు. పోలీసుస్టేషన్‌లో తప్పిపోయినవాళ్ల జాబితా చదివినట్టుంది. అప్పటి నుంచి మాటలు మాత్రమే రాస్తున్నాను. పక్కన ఊరి పేరు, తేదీ. అంతే. ఆ మాట చదవగానే మనిషి చేతి గాజులతో, బీడీ వాసనతో సహా వచ్చి కూర్చుంటుంది.

కొన్ని వినిపిస్తాను. నంద్యాల మార్కెట్ యార్డులో వడ్ల బస్తా మీద కూర్చున్న రైతును పక్కాయన ధర ఎట్లుందని అడిగాడు. "ధర బాగుండాది. అమ్మేటోళ్లకు గాదు." కోవెలకుంట్ల పక్క నల్లరేగడి చేలో, కోతకొచ్చిన శనగ మీద వాన పడితే ఒకామె ఆకాశం వైపు కూడా చూడకుండా అన్నది: "కావల్లన్నప్పుడు రాడు, వద్దన్నప్పుడు సుట్టమై వస్తాడు." వానను ఆమె మగవాణ్ణి చేసింది చూడండి. ఆ ఒక్క క్రియాపదంలో ఆమె మొగుడున్నాడని నా అనుమానం.

మూడోది నంద్యాలలో ఒక ఆసుపత్రి వరండాలో విన్నది. ఇరవై అయిదేళ్ల పిల్లవాడు ఫోన్‌లో వాళ్ల అమ్మతో మాట్లాడుతున్నాడు. "నాయనకు బాగుందంటమా. ఇంటికి తీస్కపొమ్మంటాండారు." మన ఊళ్లలో పెరిగినవాళ్లకు ఈ మాట ఎట్లా వినబడుతుందో చెప్పనక్కరలేదు. డాక్టరు ఇంటికి తీసుకుపొమ్మంటే రెండు అర్థాలున్నాయి. పిల్లవాడికి రెండో అర్థమే చెప్పారు. అతను అమ్మకు మొదటి అర్థం పంపించాడు. అవతల ఆమె ఏమడిగిందో నాకు వినబడలేదు. ఇతను మాత్రం, "ఇంట్లో మంచం వాకిట్లోకి ఏపియ్యి, గాలి తగుల్తాది," అన్నాడు. అంతే, ఫోన్ పెట్టేశాడు. ఆమెకు తెలిసిపోయి ఉంటుంది. తెలిసినట్టు ఆమె చెప్పలేదు, చెప్పినట్టు ఇతనూ అనుకోలేదు.

సంభాషణ రాయడమంటే నాకు తెలిసింది ఇదే. ఇద్దరికీ తెలిసిన విషయం ఒకటి మధ్యలో ఉంటుంది. ఇద్దరూ దాన్ని తాకకుండా దాని చుట్టూ మంచాలు జరుపుతుంటారు. కొత్తగా రాసేవాళ్ల కథల్లో పాత్రలు ఉన్న విషయమంతా ఒకరికొకరు చెప్పేసుకుంటాయి. "నువ్వు నా తమ్ముడివి, పదేళ్ల కింద ఆస్తి పంచుకొని విడిపోయాం కదా" అని అన్న తమ్ముడికి చెబుతాడు. తమ్ముడికి ఆ సంగతి తెలియదా? పాఠకుడికి చెప్పవలసింది పాత్రల నోట్లో కుక్కితే పాత్రకు ఊపిరాడదు.

మాటల్లో నేను అన్నిటికన్నా ముందు పట్టుకునేది పిలుపు. మా పక్క పల్లెల్లో కులం ఏదైనా, మతం ఏదైనా, ఊళ్లో అందరికీ అందరితో ఒక వరస ఉంటుంది. గాజులమ్మే సాయిబు మామ అవుతాడు. మంగలాయన చిన్నాయన. రక్తసంబంధం లేదు, ఒక పంక్తిలో కూర్చొని తిన్న రోజులూ లేవు, అయినా వరస మాత్రం తప్పదు. "ఏం మామా", "ఓ బావా", "ఏమప్పా", "ఏందబ్బీ", ఇవన్నీ దూరాన్ని కొలిచే బద్దలే. ఇరవై ఏళ్లు మామా అని పిలిచినవాడు ఒక పొద్దు "ఏమయ్యా" అన్నాడంటే గెనెం దగ్గర ఏదో జరిగింది. గెట్టు జరిగిందో, నీళ్ల వంతు తప్పిందో. కథకుడు తగాదా వర్ణించాల్సిన పని లేదు, పిలుపు మారిస్తే చాలు. తెలుగులో మనకు ఈ సొమ్ము దండిగా ఉంది. నువ్వు, నీవు, మీరు, తమరు, ఆయన, ఆయప్ప, ఆయమ్మ, వాడు, అది. భార్య మొగుణ్ణి మీరు అంటుందా, నువ్వు అంటుందా, ఏమీ అనకుండా "ఇదుగో" అంటుందా? ఆ ఇల్లెట్లాంటిదో అక్కడే బయటపడుతుంది.

అసలు మాటే లేని సంభాషణ కూడా ఉంటుంది. ఎద్దుల సంతలో బేరగాళ్లను చూసినవాళ్లకు తెలుసు. ఇద్దరు చేతులు కలుపుకొని పైన తువ్వాలు కప్పుకుంటారు. ధర వేళ్ల మీద నడుస్తుంది. పైకి మాత్రం వానల గురించో, పిల్ల పెళ్లి గురించో మాట్లాడుకుంటుంటారు. తువ్వాలు కింద ఒక కథ, పైన ఒక కథ. చిన్నప్పుడు మా నాయన వెంట సంతకు పోయి, ఆ తువ్వాలు కిందకు తొంగిచూడబోయి నెత్తిన మొట్టికాయ తిన్నాను. కథలు రాయడంలో నాకు జరిగిన మొదటి శిక్షణ అదేనేమో.

ఈ కథలల్లే విద్యలో నంద్యాలకు పాత పేరుంది. పదహారో శతాబ్దంలో పింగళి సూరన తన కళాపూర్ణోదయాన్ని నంద్యాల కృష్ణమరాజుకు అంకితమిచ్చాడు. మనలో చాలామంది దాన్ని పరీక్షకు చదివి మరచిపోయాం. కట్టమంచి రామలింగారెడ్డి 1914లో కవిత్వతత్త్వ విచారములో సూరన కల్పనాశక్తిని ఎత్తి చూపించారు. ఆ తర్వాత పండితులు కొందరు దాన్ని పద్యాల్లో రాసిన నవల అన్నారు. 2002లో వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ కలిసి చేసిన ఇంగ్లిషు అనువాదం కొలంబియా యూనివర్సిటీ ప్రెస్ నుంచి వచ్చింది.

ఆ కావ్యంలో నాకు పదే పదే గుర్తొచ్చే ఘట్టం ఒకటి. సరస్వతి బ్రహ్మను కొత్త కథ చెప్పమంటుంది. సృష్టికర్త కదా, ఆయనకు కథకు కొదవేముంది, ఏ లోకం నుంచైనా తేవచ్చు. ఆయన ఎక్కడికీ పోడు. ఆ ఏకాంతంలో అప్పుడే తామిద్దరి మధ్య నడిచిన సరసాన్నే తీసుకుంటాడు. ఆమె ముఖపు నీడ, ఆ సరసంలో పుట్టిన సవ్వడి, అట్లాంటి చిన్న చిన్న వాటికి పేర్లు పెట్టి, రాజును చేసి, రాణులను చేసి, వాళ్లకొక రాజ్యమిచ్చి కథ నడిపిస్తాడు. సరస్వతి మామూలు శ్రోత కాదు కదా. ఇది మన కథే అని పట్టేస్తుంది. ఏ పాత్ర వెనక ఏముందో విప్పి చెబుతుంది. అక్కడితో ఆగదు, బ్రహ్మ నోట్లోంచి వచ్చిన ఆ మనుషులు భూలోకంలో నిజంగానే పుడతారు.

కథలు రాసేవాళ్లకు దీంట్లో ధైర్యమూ ఉంది, భయమూ ఉంది. ధైర్యం ఏమంటే, పాత్రల కోసం హైదరాబాదో, అడవో పోవాల్సిన పని లేదు. నువ్వు కూర్చున్న గదిలో ఉన్నది చాలు. భయం ఏమంటే, ఎవరి నుంచి తీసుకున్నావో వాళ్లు పోల్చుకుంటారు. సరస్వతికి కోపం రాకుండా బ్రహ్మ ఎట్లాగో సర్దుకున్నాడు. మనలాంటివాళ్ల సంగతేమిటి? ఆ మాటకు మళ్లీ వస్తాను.

కూర్చున్న చోట ఉన్నదే చాలన్నాను కదా, మా ఆళ్లగడ్డనే తీసుకోండి. ఆ పేరు అనగానే బయటివాళ్లకు ఏం గుర్తొస్తుందో నాకు తెలుసు, దాని గురించి కూడా చెబుతాను. మాకు మాత్రం ముందు గుర్తొచ్చేది రాతిపొడి. రోడ్డు పక్క శిల్పుల షెడ్లలో సగం చెక్కిన దేవుళ్లు, నంది మొహాలు, ఇంకా కళ్లు తెరవని అమ్మవార్లు వరసగా నిలబడి ఉంటారు. ఇప్పుడు కోత మిషన్లు వచ్చాయి, ఆ రొదలో మాట వినబడదు. కానీ రాయిని ఎంచుకునే దగ్గర మిషన్ ఆపుతారు. సుత్తితో ఒక దెబ్బ వేసి చెవి పెడతారు. పలికే తీరును బట్టి స్త్రీశిల, పురుషశిల, నపుంసకశిల అని శాస్త్రంలో పేర్లున్నాయి. ఒక పెద్దాయనను నేను అడిగాను, చూస్తే తెలియదా అని. "పైకి అన్నీ నున్నగనే ఉంటాయి నాయనా. లోపల పగులుంటే దెబ్బకు జెప్తాది," అన్నాడు.

అదే షెడ్డులో ఒక కుటుంబం చనిపోయిన పెద్దాయన విగ్రహం చేయించడానికి వచ్చి ఉంది. ఫోటోలు తెచ్చారు. శిల్పి ఫోటోలు పక్కన పెట్టి, "ఎట్ల నిలబడేటోడమ్మా?" అని అడిగాడు. కొడుకులిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముసలామె అంది: "కుడిచెయ్యి ఎప్పుడూ ఈపుకు పెట్టుకోనుండె. ఏదో దాచిపెట్టినోని మాదిరి." శిల్పి తలూపాడు. ఫోటోల్లో ఒక్కదాంట్లో కూడా ఆ చెయ్యి లేదు. ఆ విగ్రహం చివరికి ఎట్లా చేశారో నేను చూడలేదు. నాయకుల పద్ధతిలో చెయ్యి ఎత్తించి ఉంటారని నా భయం. కానీ వీపు వెనక ఆ చెయ్యి నా నోటుపుస్తకంలో ఉంది. మాటలు తప్ప రాసుకోనని ఇందాక గొప్పగా చెప్పాను. అప్పుడప్పుడు తప్పుతుంటాను.

ఇక బయటివాళ్లకు గుర్తొచ్చే ఆ రెండో ఆళ్లగడ్డ, ఫ్యాక్షన్ సినిమాల ఆళ్లగడ్డ సంగతి. 1999లో సమరసింహారెడ్డి, 2001లో నరసింహనాయుడు, 2002లో ఆది, ఇంద్ర. మూడు నాలుగేళ్లలో సీమవాడి నోట్లో సినిమా ఒక కొత్త భాష పెట్టింది. గొంతు చించుకోవడం, తొడగొట్టడం, రెండు వాక్యాలకొకసారి నరుకుతా అనడం. ఆ తర్వాత గుంటూరులోనో, బెంగుళూరులోనో ఆళ్లగడ్డ అని ఊరి పేరు చెప్తే ఎదుటివాడు ఒక అడుగు వెనక్కి వేసేవాడు, తమాషాకే అనుకోండి. అంతకన్నా విచిత్రం, మా పిల్లలు కొందరు అట్లా మాట్లాడటం నేర్చుకున్నారు. మా మాటను పట్టుకుపోయి, గొంతు పెంచి, మళ్లీ మాకే టికెట్టు పెట్టి అమ్మారు.

ఫ్యాక్షన్ లేదని నేను అనను. వాకిట్లో శవాలను చూసిన ఊళ్లున్నాయి. కానీ కోపమొచ్చిన పెద్దమనిషి ఇక్కడ ఎట్లా మాట్లాడతాడో నేను విన్నాను. గొంతు దిగుతుంది. రేయ్ అనేవాడు ఉన్నట్టుండి పేరుకు అప్పా తగిలించి మర్యాద చేస్తాడు. "మంచిదప్పా, పోయిరా," అంటాడు. ఆ "పోయిరా" విన్నవాడు ఆ రాత్రి సొంత ఇంట్లో పడుకోడు. ఏ కథలోనైనా ఈ రెండు మాటలు సరైన చోట పడితే బాంబులు అక్కరలేదు. చిన్నవాళ్లు రాసి తెచ్చే కథల్లో సుమోలు ఎగరడం చూసినప్పుడల్లా, మీ ఊళ్లో ఎవరైనా ఇట్లా మాట్లాడగా విన్నావా నాయనా అని అడుగుతాను. లేదు సార్, సినిమాలో విన్నా అని నిజమే చెబుతారు. పిల్లలు మంచివాళ్లు.

మాండలికం ఎంత మోతాదులో వాడాలన్నది ఇంకో తగువు. చిత్తూరు పల్లెభాషలోనే నామిని సుబ్రహ్మణ్యం నాయుడు కథ మొత్తం, కథకుడి గొంతుతో సహా, నడిపించారు. కడప జిల్లావారు కేతు విశ్వనాథరెడ్డి, 1996లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి పొందినవారు, కథనాన్ని మామూలు భాషలో ఉంచి, అవసరమైన చోట మాత్రం మనిషిని తన మాట మాట్లాడనిచ్చారు. ఆయన కడప జిల్లా ఊర్ల పేర్ల మీద పరిశోధన చేసినవారు. ఒక ఊరి పేరు ఎందుకట్లా వచ్చిందో వెతికే చెవి మనుషుల మాటను ఊరికే పోనివ్వదు. ఇటు విశాఖలో వకీలుగా ఉన్న రావిశాస్త్రికి కోర్టు వరండాలే బడి. ముద్దాయిలు, సాక్షులు, సారా కేసుల మనుషులు ఆయన ముందు మాట్లాడుతూ పోయారు, ఆరు సారా కథలు వచ్చాయి. ఎవరి మోతాదు వాళ్లది. నా మటుకు నేను ప్రతి అక్షరాన్నీ వంకరగా రాయను. క్రియ చివర, పిలుపు, ఒక్కో ఊరి మాట, ఈ మూడూ సరిగా పడితే మిగతాది పాఠకుడి చెవే పలుకుతుంది.

అమెరికాలో మార్క్ ట్వేన్ హకల్‌బెరీ ఫిన్ నవల మొదట్లో చిన్న హెచ్చరిక పెట్టాడు. ఇందులో రకరకాల యాసలు కావాలనే వాడాను, ఆ మాట చెప్పకపోతే అందరూ ఒకేలా మాట్లాడబోయి కుదరక తప్పారని అనుకుంటారు అని దాని సారాంశం. మా పక్కా అదే తీరు. నంద్యాల, ఆళ్లగడ్డల మధ్య ఉన్నది నలభై కిలోమీటర్లు. నంద్యాల బజారులో వాక్యం తెలుగులో మొదలై దక్కనీ ఉర్దూలో ముగుస్తుంది. బనగానపల్లె 1948 దాకా నవాబుల సంస్థానం, అక్కడ మాటకు మరో మర్యాద ఉంటుంది. నల్లమల అంచుకు పోతే చెంచుల తెలుగు వేరు. వీళ్లందరినీ తెచ్చి సీమ యాస అని ఒకే గంపలో వేస్తే ఎట్లా?

నల్లమల అంటే గుర్తొచ్చింది. ఆ కొండల్లోని అహోబిలం నరసింహస్వామి కనుమ నాడు పార్వేట ఉత్సవానికి బయలుదేరి దాదాపు నలభై రోజులు చుట్టుపక్కల పల్లెలు తిరుగుతాడు. తన పెళ్లికి తానే పిలవడానికి వస్తాడని మావాళ్ల నమ్మకం. చెంచులక్ష్మిని కట్టుకున్నవాడు, చెంచుల ఇంటి అల్లుడు, అందుకని ఈ పక్క అందరికీ కాస్త అల్లుడి లెక్కే. పల్లకీ ఊళ్లో ఆగినప్పుడు మంత్రాలు వినేవాళ్లు వింటారు. నేను ముసలివాళ్ల పక్కన నిలబడతాను. ఒకసారి ఒకామె కొబ్బరికాయ పట్టుకొని, నెమ్మదిగా, ఇంటికొచ్చిన అల్లుణ్ణి దెప్పినట్టు అడిగింది: "పోయినేడు గూడా ఇట్లనే వస్తివి, సూస్తివి, పోతివి. బోరు ఎండిపాయె. ఈసారన్నా గుర్తుపెట్టుకుంటావా?" వెంటనే కాయ కొట్టి, చెంపలేసుకుంది. దెప్పడమూ, దండం పెట్టడమూ ఒకే ఊపిరిలో. ఇట్లాంటి మాట గదిలో కూర్చొని పుట్టించగలిగినవాడు ఉంటే నేను వాడి కాళ్లకు మొక్కుతాను.

ఇప్పుడు ఆ భయం సంగతి, సరస్వతి పోల్చుకున్న సంగతి.

నంద్యాలలో నేను రోజూ టీ తాగే బంకు ఒకటుండేది. దాని యజమానికి ప్రతి వాక్యానికీ ముందు "నా లెక్కలో" అనడం అలవాటు. "నా లెక్కలో ఈ పొద్దు వాన రాదన్నా." "నా లెక్కలో వాడు మంచోడే అన్నా, వాని టైం మంచిది గాదు." పదిహేనేళ్లు నన్ను అన్నా అని పిలిచాడు. నేను ఆ అలవాటును తీసుకున్నాను. దాంతో పాటు అతని కుంటికాలినీ, అతను ఒకసారి మనసు విప్పి చెప్పుకున్న అప్పునూ తీసుకున్నాను. వృత్తి మాత్రం మార్చి, టీ బంకును సైకిల్ షాపు చేశాను. ఎంత తెలివైనవాణ్ణో చూడండి. కథ ఆదివారం అనుబంధంలో అచ్చయింది. సోమవారం పొద్దున పోతే గ్లాసు నా ముందు పెట్టి, "టీ, సార్," అన్నాడు.

సార్ అన్నాడు. పిలుపు మారితే గెట్టు జరిగినట్టే అని ఊరంతా పాఠాలు చెప్పేవాణ్ణి కదా, నాకు వేరే వివరించాల్సిన పని పడలేదు. ఆ తర్వాత నా ముందు అతను "నా లెక్కలో" అనలేదు. కథ బాగుందని ముగ్గురు ఉత్తరాలు రాశారు. ఆ బంకు వైపు పోవడం నేనే తగ్గించుకున్నాను.

అప్పటి నుంచి నాకొక కట్టుబాటు. మనిషి మాట తీసుకుంటే అతని బతుకు తీసుకోను. బతుకు తీసుకుంటే మాట తీసుకోను. నమ్మి చెప్పుకున్నది అసలు ముట్టను. ఎక్కువసార్లు మగవాడి మాట ఆడమనిషికి ఇస్తాను, ముసలివాళ్లది చిన్నవాళ్లకు ఇస్తాను. బస్సులో అవ్వ మాట కూడా ఎప్పుడో ఒక రిటైరైన హెడ్‌మాస్టరు నోట్లో కనబడుతుంది, పింఛను కోసం ఏదో ఆఫీసు వరండాలో నిలబడి ఉన్నప్పుడు. అవ్వ ఆ కథ చదివినా తన మాట అని గుర్తుపట్టకూడదు. కొంచెం గుర్తుపట్టినా నాకు సంతోషమే అనుకోండి.

అయితే అన్నిసార్లూ మన లెక్క ప్రకారం జరగదు. మా పెద్దమ్మ ఒకామె ఉంది, రుద్రవరం పక్క పల్లెలో. చేతికి మహా పొదుపు. ఇంటికెవరైనా వస్తే గడప దాటకముందే నవ్వు మొహంతో, "కాపీ తాగే వచ్చింటారు గదా?" అని అడుగుతుంది. లేదని అనగలిగిన మనిషిని నేనింతవరకు చూడలేదు. ఆ ఒక్క మాట మీద ఒక కథ కట్టాను. చక్కెర డబ్బా మంచం కింద దాచుకొని, తాళంచెవి నడుముకు కట్టుకునే ఒక ఆడమనిషి కథ. దాన్ని రేడియోలోనే చదివాను. చదివేటప్పుడు తోచలేదు, పెద్దమ్మ ఇంట్లో పొద్దస్తమానం మోగేది రేడియోనే అని. ఇంటికొచ్చాక గుర్తొచ్చింది. ఆ కట్టుబాటు పెట్టుకున్న తర్వాతే ఈ పని చేశానని కూడా ఒప్పుకోవాలి.

పది రోజులు ఆ ఊరి వైపు పోలేదు. పదకొండో రోజు ఏదో పెళ్లిపత్రిక ఇవ్వాల్సి వచ్చి పోక తప్పలేదు. పెద్దమ్మ అరుగు మీద కూర్చొని చాటలో కందులు చెరుగుతోంది. నన్ను చూసి చాట పక్కన పెట్టింది. నా కాళ్లు గడప ఇవతలే ఆగిపోయాయి.

"విన్న్యాలేరా నీ కథ," అంది.

నేను నేల చూస్తున్నాను.

"బలే రాసినావు మీ చిన్నమ్మను. అచ్చం అదే. ఆ పిసినారితనం, ఆ నంగి మాటలు. నేను ఒగదాన్నే నవ్వుకున్న్యా. పాపం, దానికి తెల్దులే, తెలిసినా అది ఒప్పుకోదు." కాసేపు నవ్వింది. కొంగుతో కళ్లు తుడుచుకుంది. తర్వాత నన్ను పైనుంచి కిందిదాకా చూసి, ఎండన పడి వచ్చిన బిడ్డ మీద ఉండే ప్రేమ అంతా గొంతులోకి తెచ్చుకొని అడిగింది:

"కాపీ తాగే వచ్చింటావు గదా నాయనా?"

తాగే వచ్చానని చెప్పాను.